కోడలు తినదు, భర్తను దగ్గరకు రానివ్వదు – ఇది మొండితనమేనా?



క్రిందటి సంచికలో షుగరు ఉన్నవారు పాదములను ఎలా చూసుకోవాలో వ్రాశాము. ఆ పేజీ చించి వంటింటి గోడకు అంటించుకున్నామని కొందరు చెప్పగా సంతోషించాము. ఈసారి వ్రాసేది గోడకు అంటించుకునే విషయము కాదు. కొన్ని ఇండ్లలో పెద్దవాళ్ళు ఈ పేజీ చూసి, పిల్లల కంట పడకుండా మడిచి పెడతారని కూడా మాకు తెలుసు. అయినా వ్రాయక తప్పదు. ఎందుకంటే ఈ విషయములో ముందు పొరపాటు చేసినది మేమే.

ఆ సంగతి మొదట చెప్తాము. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే వ్రాస్తున్నాము. ఊరు, వయసు, ఉద్యోగము అన్నీ మార్చాము. ఎవరై ఉంటారా అని దయచేసి వెదకవద్దు.

పెండ్లయి పదకొండు నెలలైన కోడలిని అత్తగారు వెంటబెట్టుకుని స్త్రీల ఓ.పి.కి తీసుకొచ్చారు. అయిదు నెలలుగా నెలసరి రాలేదు, గర్భమూ కాదు. "పిల్లల కోసం మందులు రాయండి డాక్టరమ్మా" అన్నారు. అమ్మాయి ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 35 కిలోలు. ఎండాకాలములో స్వెటరు వేసుకుని వచ్చింది. రక్తపరీక్షలో పొటాషియము బాగా పడిపోయి ఉన్నది. డాక్టరుగారు వెంటనే అడ్మిట్ చేశారు.

వార్డులో మూడు దినములు మాకు చుక్కలు చూపించింది. ఇచ్చిన ఇడ్లీ సగము తలగడ కింద, సగము టిష్యూ కాగితములో. తిన్నది కాస్తా బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి కక్కేది. చీపురు పట్టుకున్న ఆయమ్మ దగ్గర నుండి అందరూ విసుగుపడ్డారు. మూడవ దినము రౌండ్సులో మేము ఆమె మంచము దగ్గర నిలబడి, పక్క మంచాల వాళ్ళు వింటూ ఉండగానే, "ఇంత చదువుకున్న పిల్లవు, అన్నం దగ్గర ఈ మొండితనమేమిటమ్మా? నీ భర్త ముఖము ఒకసారి చూడు" అన్నాము. మంచి మాటే చెప్తున్నామనుకున్నాము. ఆమె ఏమీ అనకుండా దుప్పటి ముఖము మీదకు లాక్కున్నది.

భర్త వరండాలో బల్ల మీద కూర్చుని ఉండేవాడు. మంచివాడు, నెమ్మది గలవాడు. మూడు రోజులైనా ఎవరితో మాట్లాడనివాడు, మా సీనియరు బ్రదరుతో మాత్రం అన్నాడట: "నేనంటే అసహ్యమనుకుంటానండి. చెయ్యి వేస్తే కర్రలా బిగుసుకుపోతుంది. పెళ్ళయిన కాడినుంచి ఇంతే. మా అమ్మేమో ఈ పిల్లకి వేరే ఎవరో ఉన్నారంటుంది."

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది రెండవ సంవత్సరము చదువుతున్న విద్యార్థిని. మా అందరికంటే చిన్నది. ఆమె ఏ ప్రశ్నా అడగలేదు. చిక్కులు పడిన తల దువ్వి జడ వేస్తానని కూర్చున్నదట. జడ వేస్తూ కుడిచేతి వేళ్ళ కణుపుల మీద గట్టిపడిన మచ్చలు చూసింది. వేళ్ళు గొంతులో పెట్టుకుని కక్కేవారికి పళ్ళు ఒరుసుకుని అక్కడ మచ్చలు పడతాయి. పాఠ్యపుస్తకములో ఉన్నదే. మూడు దినములుగా ఆ చేతికే సెలైను పెడుతున్న మేము చూడలేదు.

తెల్లవారుజామున ఆ అమ్మాయి తనంతట తానే చెప్పింది. తొమ్మిదవ యేట వేసవి సెలవులకు ఒక బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటిలోని పెద్దమనిషి ఒకడు ఆ సెలవులన్నీ ఆమెను పాడు చేశాడు. అప్పటి నుండి కడుపు నిండినట్లు అనిపిస్తే భయము, లోపల ఏదో ఉన్నట్లు, అది బయటకు పోతే తప్ప ఊపిరి ఆడనట్లు. చదువుకునేటప్పుడు కొంత తగ్గింది. పెండ్లి తరువాత రెట్టింపైంది. భర్త మీద తనకు ఏ అసహ్యమూ లేదని, ఆయన చెయ్యి వేసిన క్షణములో ఆయన ముఖము కనబడక ఆ పెద్దమనిషి ముఖము కనబడుతుందని, ఆ సంగతి ఆయనకు ఎలా చెప్పాలో తెలియదని చెప్పి ఏడ్చింది.

మరునాడు మేము వెళ్ళి ఆమెను క్షమించమని అడిగాము. అదే మంచము దగ్గర, పక్కవాళ్ళు వింటూ ఉండగానే అడిగాము. తిట్టినది అక్కడే గదా.

మన పెద్దలు ప్రాణస్నేహితుల గురించి "ఒకే కంచం, ఒకే మంచం" అనేవారు. ఆ మాట దంపతులకు ఇంకా ఎక్కువగా చెందుతుంది. తిండి, దగ్గరతనము రెండూ ఒకే తీగ మీద పాకుతాయి. ఒకదానికి తెగులు వస్తే రెండవదానికి వస్తుంది. మా డాక్టర్లు దీనినే ఈటింగ్ డిజార్డర్ అంటారు. బరువు పెరుగుతామన్న భయముతో పస్తుండి ఎముకల గూడైపోయే జబ్బుకు అనోరెక్సియా నెర్వోసా అని 1873లో లండను నగరపు వైద్యుడు విలియం గల్ పేరు పెట్టాడు. ఒక్కసారిగా చాలా తిని, వెంటనే కక్కుకునేది బులీమియా. కక్కకుండా, ఆకలి లేకపోయినా, ఆపుకోలేక తినేది మరొకటి. ఒకే మనిషిలో ఒకటి పోయి మరొకటి రావడమూ ఉంటుంది. ఇవి సినిమా తారలకు, సంపన్నులకు వచ్చే జబ్బులని మేమూ చాలాకాలము అనుకున్నాము. ఇంగ్లాండు యువరాణి డయానా 1995 నవంబరులో బి.బి.సి. టెలివిజనులో తనకు బులీమియా ఉండేదని చెప్పినప్పుడు, "వాళ్ళకేం, తిని కక్కుతారు" అని మా మెస్సులో నవ్వుకున్నట్లు జ్ఞాపకము. నిశ్చితార్థమైన వారములోనే తన నడుము గురించి పెండ్లికొడుకు అన్న ఒక్క మాట తరువాత ఆ జబ్బు మొదలైందని ఆమె మరొకచోట చెప్పుకున్నారు. నడుము మీద ఒక్క మాట! మన పెండ్లిచూపులలో ఎన్ని మాటలు అంటామో లెక్క పెట్టుకోండి.

మన ఇండ్లలో ఈ జబ్బు ఎందుకు కనబడదంటే కారణము చాలా సామాన్యమైనది. కోడలు అందరికంటే ఆఖరున తింటుంది. వడ్డించిన వాళ్ళు లేచాక, వంటిల్లు సర్దుకుని, ఒక్కతే. తిన్నదో లేదో చూసేవారు లేరు. మిగిలింది కుక్కకు వేసినా, సింకులో పోసినా ఎవరికీ తెలియదు. పైగా తక్కువ తినే కోడలు "పొదుపుగలది, ఒద్దికగలది" అనిపించుకుంటుంది. ఇంకొకటి కూడా చెప్పాలి, మన సంఘములలోని వారు నొచ్చుకోవద్దు. ఈ జబ్బు ఉపవాసము వెనుక కూడా దాక్కుంటుంది. శ్రమదినములు నలభై, ఆ తరువాత శుక్రవారపు ఉపవాసములు, ఆ తరువాత ఎవరికోసమో మొక్కుబడి ఉపవాసము. అడిగితే ప్రార్థనలో ఉన్నానంటారు, ఇక మారు మాట్లాడలేము. బరువు తగ్గిపోతున్నవారు, నెలసరి ఆగినవారు, చాటుగా కక్కుకునేవారు ఉపవాసము ఉండకూడదని మా మాట. ఉపవాసము ఆపమంటే భక్తి గలవారు కొంచెము బాధపడి ఆపుతారు. జబ్బు ఉన్నవారు బెదిరిపోతారు. తేడా అక్కడ తెలుస్తుంది.

తిండి మానితే దాంపత్యము ఎందుకు చెడుతుంది? అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో 1944 నవంబరు నుండి 1945 డిసెంబరు వరకు ఒక పరిశోధన జరిగింది. అప్పుడు యుద్ధము. ఐరోపాలో జనము ఆకలితో మాడుతున్నారు, వారికి తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవాలి. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త అడుగగా 36 మంది యువకులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చారు. వీరు మనస్సాక్షి కారణముగా తుపాకి పట్టమని చెప్పినవారు, చాలామంది క్వేకర్లు, మెన్నోనైటులు, బ్రదరెన్ మొదలైన శాంతి సంఘముల బిడ్డలు. శరీరము, మనస్సు రెండూ ఆరోగ్యముగా ఉన్నవారినే ఎంచుకున్నారు. 24 వారముల పాటు వారికి రోజుకు సుమారు 1,570 కాలరీలే, రొట్టె, బంగాళాదుంపలు, క్యాబేజీ వంటివి పెట్టారు. బరువులో దాదాపు నాలుగవ వంతు తగ్గారు.

ఆ యువకులకు ఏమి జరిగిందో చదివితే మా వార్డులోని ఆ అమ్మాయి కేసు షీటు చదివినట్లే ఉన్నది. ఎండలోనూ చలి. ఊరకే కోపము, ఊరకే కన్నీళ్ళు. ఒక్క పళ్ళెము ముందు గంటలు గంటలు కూర్చోవడము, పళ్ళెము నాకడము. వంటల పుస్తకములు పోగుచేసుకోవడము. స్నేహితులతో మాటలు తగ్గిపోయాయి, నవ్వు పోయింది. స్త్రీల మీద ఆసక్తి పూర్తిగా చచ్చిపోయింది. తిండి తిరిగి పెట్టిన తరువాత కూడా చాలామందికి మామూలు మనుషులు కావడానికి నెలలు పట్టింది. మొదట్లో వీరికి ఏ మానసిక వ్యాధీ లేదు. కేవలము ఆకలి చేసిన పని అది.

ఆకలి వేళ శరీరము చాలా లెక్కగా ఉంటుంది. గుండె కొట్టుకోవాలి, మెదడు పనిచేయాలి, మిగిలినవన్నీ మూసేస్తుంది. మొదట మూసేవాటిలో సంతానమునకు, దాంపత్యమునకు సంబంధించినది ఒకటి. మెదడు నుండి అండాశయములకు వెళ్ళే ఆజ్ఞలు ఆగిపోతాయి, ఈస్ట్రోజెన్ హార్మోను పడిపోతుంది, నెలసరి ఆగుతుంది, లోపల తడి ఆరిపోయి కలయిక నొప్పి అవుతుంది. మగవారిలోనైతే టెస్టోస్టిరోన్ పడిపోతుంది. ప్రేమ ఉన్నా కోరిక ఉండదు. పొయ్యిలో కట్టెలు లేకుండా అన్నం ఉడకమంటే ఎలా ఉడుకుతుంది? అందుచేత ఆ అత్తగారు అడిగినట్లు నెలసరి తెప్పించే మాత్రలు వ్రాసివ్వడము వైద్యము కాదు. బరువు రావాలి. (నెలసరి రాలేదు గనుక గర్భము రాదని మాత్రము అనుకోవద్దు. అండము విడుదలైన తరువాతనే నెలసరి వస్తుంది గనుక, నెలసరి కంటే ముందే గర్భము నిలవవచ్చు.)

ఇక రెండవ తాడు, మనసుకు తగిలిన దెబ్బ. దీని గురించి కూడా ఒక పరిశోధన చెప్తాము, ఇది లావుతో మొదలైంది. అమెరికాలో శాన్‌డియాగో నగరములో విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు 1980లలో లావు తగ్గించే క్లినిక్కు నడిపేవాడు. చిత్రమేమంటే, బాగా బరువు తగ్గుతున్నవారే మధ్యలో మానేసి వెళ్ళిపోయేవారు. ఎందుకని ఒక్కొక్కరిని కూర్చోబెట్టి అడిగితే, చాలామంది చిన్నప్పుడు లైంగికముగా వేధింపబడినవారని తేలింది. సన్నబడితే మగవారి కళ్ళు పడతాయి, లావుగా ఉంటే ఎవరూ చూడరు. మనము జబ్బు అనుకున్నది వారికి గోడ. ఆ అనుభవము నుండే 17 వేల మందికి పైగా ప్రశ్నలు అడిగిన పెద్ద సర్వే పుట్టి, మొదటి ఫలితములు 1998లో అచ్చయ్యాయి. బాల్యములో పడిన దెబ్బలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక శరీరానికి, మనసుకు వచ్చే వ్యాధులు అంత ఎక్కువని అందులో కనబడింది.

అమెరికా సంగతి మనకెందుకు అంటారేమో. 2007లో మన కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖవారు 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక వేశారు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉన్నది. 53.22 శాతము మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు. మగపిల్లలు ఆడపిల్లలకంటే తక్కువేమీ లేరు. చేసినవారిలో సగము మంది పిల్లలకు తెలిసినవారే, నమ్మిన వారే. ఆ పిల్లలు ఇప్పుడు పెండ్లిండ్లు అయి, పిల్లలను ఎత్తుకుని మన ఓ.పి.లో లైనులో నిలబడుతున్నారు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. తినని ప్రతి అమ్మాయి వెనుక ఇటువంటి కథ ఉండదు. చాలామందికి అటువంటిదేమీ జరిగి ఉండదు. ఈ పేజీ చదివి ఇంటికి వెళ్ళి "నీకు చిన్నప్పుడు ఎవరేం చేశారు, చెప్పు" అని పీడించవద్దు.

దెబ్బ తిన్న శరీరము తనంతట తాను కాపలా కాస్తుంది. చెయ్యి తగలగానే బిగుసుకుంటుంది, లేదా మనిషి అక్కడ ఉన్నా మనసు పైకప్పు మీద ఉంటుంది. కొందరు స్త్రీలలో కండరాలు మూసుకుపోయి కలయికే సాధ్యము కాదు. కొందరికి వాంతి వస్తుంది. భర్త దీనిని ద్వేషమనుకుంటాడు, అత్తగారు వేరే సంబంధమనుకుంటుంది, ఊరిలో గాలి సోకిందంటారు. ఒక్కరూ జబ్బు అనుకోరు. ఇక బరువు గురించిన సిగ్గు ఉన్నవారికి దీపము ఆర్పకపోతే భయము, పొట్ట మీద చెయ్యి పడితే భయము. దాచవలసినవి ఎక్కువైన కొద్దీ భర్త నుండి ఒక్కొక్క గది తలుపు మూసుకుంటూ పోతారు. బాత్‌రూములో ఇంతసేపు ఎందుకంటే అబద్ధము. డబ్బాలో బిస్కెట్లు ఏమయ్యాయంటే అబద్ధము. మా అనుభవములో దంపతుల మధ్య పడకకంటే ముందు చెడేది ఈ చిన్న చిన్న మాటల నమ్మకము.

"ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి" అనే మాటను మేము పూర్తిగా వ్యతిరేకిస్తున్నాము. ఇది మా అభిప్రాయము, గట్టి అభిప్రాయము. 35 కిలోల తల్లి కడుపున పడిన బిడ్డ నెలలు నిండక ముందే, బరువు లేకుండా పుట్టే ప్రమాదము ఎక్కువ. మనసు మానని స్త్రీకి పెరుగుతున్న పొట్ట, లోపల పరీక్ష, కాన్పు గది అన్నీ పాత దెబ్బను లేపుతాయి. మా కాన్పు గదిలో ఎన్నోసార్లు "కాళ్ళు దగ్గర పెట్టుకుంటే ఎలాగమ్మా" అని కసరుకున్నవారమే మేము. ఈ కేసు తరువాత పద్ధతి మార్చాము. పరీక్ష చేసే ముందు ఏమి చేయబోతున్నామో చెప్తాము, ఒప్పుకుంటేనే చేస్తాము, ఆపమంటే ఆపుతాము. టైము ఎక్కువ పడుతుందని మా సిస్టర్లలో కొందరు ఇప్పటికీ గొణుగుతారు. పడనివ్వండి.

అలాగే ఇంటి కలహమని సంఘ పెద్దల దగ్గరకు వచ్చినప్పుడు, భార్యను పక్కకు పిలిచి "సర్దుకుపోవాలమ్మా, భర్తకు లోబడాలి" అని పంపేయడము కూడా మాకు సమ్మతము కాదు. ఆ అమ్మాయిని కూడా ఇక్కడకు రాకముందు ఒకచోట అలాగే చెప్పి పంపారట. చెప్పినవారు మంచి ఉద్దేశముతోనే చెప్పి ఉంటారు. మేము మంచము దగ్గర అన్నట్లే. కానీ ఆ రాత్రి ఏమి జరిగిందో విన్నాక మాకు నిద్ర పట్టలేదు. బలవంతము భర్త చేసినా బలవంతమే. 2005 నాటి గృహహింస చట్టములో లైంగిక హింస కూడా చేర్చబడి ఉన్నది. పెండ్లికి ముందు జంటలను కూర్చోబెట్టి మాట్లాడే సంఘములు ఉన్నాయి, చాలా మంచి పని. కట్నము, వంట, అత్తమామల సేవ గురించి చెప్పే ఆ గంటలో, "దగ్గరతనము భయముగా ఉంటే ఒకరికొకరు చెప్పుకోవచ్చు, డాక్టరుకు చెప్పవచ్చు" అన్న ఒక్క వాక్యము చేర్చమని కోరుతున్నాము.

భర్తల గురించి కొంచెము ఎక్కువగా వ్రాస్తాము, ఎందుకంటే వారి గురించి ఎవరూ వ్రాయరు. ఆ అబ్బాయికి, భార్య ఒప్పుకున్న మేరకు, డాక్టరుగారు సంగతి చెప్పినప్పుడు అతను మొదట అడిగినది, "అయితే ఆమెకు నేనంటే అసహ్యము లేదా?" అని. లేదనగానే వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాడు. పదకొండు నెలలు తనలో లోపముందనుకున్నాడు. రెండవసారి అడిగినది, "ఎన్నాళ్ళు పడుతుందండి?" అని. మేము తారీఖు చెప్పలేకపోయాము. నెలలు, ఒక్కొక్కరికి సంవత్సరములు. మూడవసారి ఆ బంధువు పేరు చెప్పమన్నాడు, వాడి సంగతి చూస్తానన్నాడు. అక్కడ మేము ఆపాము. ఎవరికి చెప్పాలి, కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయము. ఒకసారి ఆమె మాట లేకుండా ఆమె శరీరము మీద ఒకడు నిర్ణయము చేశాడు, ఇప్పుడు మంచి కోసమైనా ఇంకొకరు అదే చేస్తే ఎలా? (నేడు పద్దెనిమిదేండ్లు నిండని బిడ్డ విషయమైతే వేరు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయవలసిందే, ఆసుపత్రివారమైన మాతో సహా.)

డాక్టరుగారు ఆ దంపతులకు ఇచ్చిన మొదటి చీటీ చూసి మా చిన్న సిస్టర్లు ముఖాలు చూసుకున్నారు. "కొన్ని వారములు కలయిక వద్దు" అని ఉన్నది. కానీ అది పాతదే, మంచి పద్ధతి. రాత్రి అయితే ఏమి జరుగుతుందోనన్న భయము పోతే, చెయ్యి పట్టుకోవడము మళ్ళీ చెయ్యి పట్టుకోవడముగానే ఉంటుంది. తరువాత తల నిమరడము, పక్కన కూర్చోవడము, ఒక్కొక్క మెట్టు, ప్రతి మెట్టు దగ్గర ఆమె "చాలు" అంటే చాలు. అడిగి చెయ్యి వేయడము మగతనానికి తక్కువ అనుకునేవారు మా ఓ.పి.కి వచ్చి ఒక్కసారి ఈ అబ్బాయిని చూస్తే బాగుండును.

కంచము దగ్గర కూడా అదే. ముద్దలు లెక్క పెట్టవద్దు. "ఇంకొంచెం, నా కోసం" అని బ్రతిమాలవద్దు, తిట్టవద్దు. పక్కన కూర్చుని మీరూ తినండి, వర్షము గురించో క్రికెట్టు గురించో మాట్లాడండి. తిన్న తరువాత ఒక గంట ఒంటరిగా వదలకుండా కబుర్లు చెప్పండి. "బాగా ఒళ్ళు చేశావే" అని మెచ్చుకోలుగా కూడా అనవద్దు, ఆ మాట వారికి శిక్ష వేసినట్లు వినబడుతుంది. చుట్టాలకు కూడా ముందే చెప్పి ఉంచండి. ఇక అమ్మలు, అత్తమ్మలు ప్రేమకొద్దీ తెచ్చే నేతి అన్నము, బిరియానీ క్యారియర్లు మాకు చూపించకుండా పెట్టవద్దు. చాలాకాలము పస్తున్న శరీరానికి ఒక్కసారిగా బలమైన తిండి పెడితే రక్తములో ఫాస్ఫేటు పడిపోయి గుండె ఆగే ప్రమాదమున్నది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి చెరలలో నుండి విడిపించబడినవారిలో వైద్యులు దీనిని కళ్ళారా చూశారు. కక్కిన వెంటనే పళ్ళు తోముకోవద్దు, నీళ్ళతో పుక్కిలించండి. వెంటనే తోమితే ఆమ్లముతో మెత్తబడిన పింగాణీ ఊడిపోతుంది. ఎవరైనా కళ్ళు తిరిగి పడితే, గుండె దడదడలాడితే, కండరాలు పట్టేస్తే ఓ.పి. టైము కోసము ఆగకుండా క్యాజువాలిటీకి రండి.

మగవారికి ఈ జబ్బు రాదనుకోకండి. జిమ్ముకు వెళ్ళి పొడులు కలుపుకుని తాగుతూ, అన్నం ముట్టకుండా, కొత్తగా పెండ్లయిన భార్యను తప్పించుకు తిరిగిన యువకుడిని కూడా చూశాము. చిన్నప్పుడు హాస్టలులో జరిగినది అతను తన తల్లికి కూడా చెప్పలేదు. అతని భార్య తనలోనే ఏదో లోపముందని మా దగ్గరకు వచ్చింది, అతను కాదు.

వైద్యము ఉన్నది. బరువు, పొటాషియము సరిచేయడము ఇక్కడ చేస్తాము. మనసు మాన్పే మాటల చికిత్సకు వేలూరు సి.ఎం.సి. వారి బాగాయము మానసిక ఆరోగ్య కేంద్రము, బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖపట్నము ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. పిచ్చాసుపత్రి అని భయపడవద్దు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. చాలామంది బాగుపడతారు, కొందరు చాలా నెమ్మదిగా. ఆ అమ్మాయి బరువు క్రిందటి రివ్యూకు 43 కిలోలు. నెలసరి ఒకసారి వచ్చి మళ్ళీ ఆగింది. బంధువుల ఫంక్షన్లకు దంపతులిద్దరూ వెళ్ళడము లేదు, అత్తగారు ఎందుకని అడుగుతూనే ఉన్నారు. ఇద్దరూ ఇంకా చెప్పలేదు.

ఈ విషయముపై ఎవరైనా మా దగ్గరకు రాదలచుకుంటే, రిజిస్ట్రేషన్ కౌంటరులో జబ్బు ఏమిటో చెప్పనవసరము లేదు. "సిస్టరమ్మను కలవాలి" అంటే చాలు, చీటీ ఇస్తారు. మా గది పాత కాన్పు వార్డు పక్కన ఉన్నది, తలుపు వేసుకోవచ్చు. భార్యాభర్తలు కలిసి రావచ్చు, వేరువేరుగా రావచ్చు. అత్తగారు బయట కూర్చోవడానికి బల్ల కూడా వేయించాము.